అంచులో కుట్టిన బరువు

నేరం ఒప్పుకునేవాళ్లతో నాకు పేచీ లేదు. ఒప్పుకోనివాళ్లతో అసలే లేదు, వాళ్లవల్లే కదా నా రోజు గడిచేది. ఈ రెండూ చెయ్యకుండా బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేవాళ్లని చూస్తేనే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఆ పొద్దున స్టేషన్‌లో నా ఎదురుగా కూర్చున్నది సరిగ్గా అలాంటి మనిషే. వడ్రంగి. ఇంటి వెనక షెడ్డులో తన బావతో కలిసి ఏళ్ల తరబడి చెక్కి, అతికి, ఇద్దరు కూర్చునే విమానం ఒకటి సొంతంగా తయారుచేశాడు. లోపల చెక్క ఎముకలు, పైన బిగించిన బట్ట, ముందు చిన్న ఇంజను. ఆదివారం నాడు బావ ఒక్కడే దాన్ని ఎగరేశాడు. గాల్లో తోక విరిగింది. బావ బతకలేదు. తోక బట్టని కత్తితో కోసి బావని చంపాడంటూ ఇన్‌స్పెక్టర్ ఆ సాయంత్రమే ఇతన్ని లోపలేశాడు.

పోలీసు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ప్రైవేటుగా కేసులు చూసుకుంటున్న నన్ను ఇందులోకి దించింది ఇతని భార్య, అంటే పోయినవాడి చెల్లెలు. "అన్నయ్యని సాగనంపి వచ్చాను. ఇక ఈయన్ని కూడా పంపే ఓపిక నాకు లేదు అక్కా" అంది. ఏడవలేదు. ఏడిస్తే నేను ఫీజు మాట్లాడుకుని ధైర్యం చెప్పి వచ్చేదాన్ని. ఏడవకపోయేసరికి కాదనలేకపోయాను.

"కత్తి నీదేనా?" అని వడ్రంగిని అడిగాను.

"నాదేనమ్మా."

"తోక బట్ట కోసిందెవరు?"

"నేనే."

"ఎప్పుడు?"

అప్పటిదాకా టేబుల్ మీద ఉన్న చేతులు ఒడిలోకి జారిపోయాయి.

"ఎందుకు కోశావు?"

ఎవరు అంటే చెబుతాడు. ఎప్పుడు, ఎందుకు అంటే మాత్రం నోరు కుట్టేసుకుంటాడు. అబద్ధం ఆడేవాడు సాధారణంగా దీనికి తిరగేసి చేస్తాడు.

"మీ ఆవిడ నన్ను పంపింది. నీకోసం తిరుగుతోంది. ఆవిడకైనా ఏమన్నా చెప్పాలా?"

ఆ మాటకి తలెత్తాడు. "షాపు తియ్యొద్దనండి. కొన్నాళ్లు ఇంటిపట్టునే ఉండమనండి. షాపులో ఉన్నవన్నీ నేనొచ్చి సర్దుతానని చెప్పండమ్మా."

ఉరికంబం ముందున్నవాడికి భార్య కర్టెన్ల షాపు గొడవ దేనికి? ఆ ప్రశ్నని చీరకొంగున ముడేసుకుని బయటపడ్డాను.

విరిగిన విమానాన్ని ఊరి చివర చిన్న విమానాల షెడ్డులో నేలమీద పరిచారు. అక్కడ ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు. ఒకప్పుడు నా దగ్గరే పని నేర్చుకున్నాడు. నేర్చుకోనిదల్లా తను పట్టిన కుందేలుకి నాలుగో కాలు కూడా ఉండొచ్చని అనుమానించడం.

"రిటైరైనవాళ్లు హాయిగా మనవల్ని ఆడించుకోవాలి మేడమ్" అన్నాడు నన్ను చూడగానే.

"నాకు మనవలు లేరు నాయనా. నువ్వున్నావుగా అని వచ్చా."

పక్కనే నడుం వంచి కూర్చున్న ఇంజనీరు నవ్వు ఆపుకున్నాడు. విమాన ప్రమాదాల శాఖ పంపిన మనిషి, గుండు, మెళ్లో భూతద్దం. అతని ముందు తోక ముక్కలున్నాయి.

ఇన్‌స్పెక్టర్ తన కేసుని నా ముందు పరిచాడు. విమానం పడిన పొలానికి అందరికంటే ముందు పరిగెత్తింది వడ్రంగే. జనం వచ్చేసరికి అతని చేతిలో కత్తి. తోకకి వెనక అంచు పొడుగునా బట్ట కోసి ఉంది. పైగా అంతకు ముందు వారం బావాబావమరుదులు షెడ్డులో కేకలేసుకున్నారు. 'ఆ తోక నీ ప్రాణం తీస్తుంది చూడు' అని వడ్రంగి అరవడం కాపలా మనిషి విన్నాడు.

"ఇంకేం కావాలి మేడమ్? బెదిరించాడు, కోశాడు, చంపాడు."

"అయితే ఇంజనీరుగారు ఇంకా ఇక్కడెందుకున్నారు?"

ఇంజనీరు లేచి చేతులు తుడుచుకున్నాడు. "నాకు లెక్క కుదరడం లేదండీ. ఇలా రండి, చూపిస్తా."

విమానం తోక దగ్గర అడ్డంగా ఓ రెక్క ఉంటుంది. దాని వెనక బందుల మీద తలుపులా కదిలే పలక ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు ఉంటాయి. పైలట్ చేతిలోని కర్ర లాగితే అవి పైకి లేస్తాయి, తోస్తే కిందికి వంగుతాయి. విమానం ముక్కు ఎటు తిరగాలో చెప్పేవి అవే. కుడి పలక నుజ్జయిపోయింది. ఎడమది బట్ట కోత తప్ప చెక్కుచెదరలేదు.

"ఈ బందుల రంధ్రాలు చూడండి. గుండ్రంగా ఉండాలి. కోడిగుడ్డులా సాగిపోయాయి. అంటే ఈ పలక టపటపా కొట్టుకుని, తోకని కూడా తనతో పాటు ఊపి ఊపి విరిచేసింది. దీన్ని మేం ఫ్లట్టర్ అంటాం."

"గాలికి కొట్టుకోదా ఏదైనా?"

"కొట్టుకోకూడదు. పలకకి వెనకవైపు బరువెక్కువైతేనే ఈ రోగం. తోక ఓ పిసరు పైకి ఊగిందనుకోండి, బరువైన వెనక అంచు దానితో లేవలేక కిందే ఉండిపోతుంది. అప్పుడు గాలి పలకని పట్టుకుని తోకని ఇంకా పైకి తోస్తుంది. మళ్లీ కిందికొచ్చేటప్పుడూ ఇంతే. ఇది దాన్ని ఊపుతుంది, అది దీన్ని ఊపుతుంది. ఒక వేగం దాకా మంచి పిల్లాడిలా ఉంటుంది. ఆ వేగం దాటిందా, మనం ఊపిరి పీల్చేలోపు అయిపోతుంది. అందుకే బందుకి ముందువైపు సీసం ముక్క బిగించి, వెనక బరువుకి సరిపెడతారు."

ఆయన ఎడమ పలకని బందుల దగ్గర రెండు మేకులకి తగిలించి వదిలాడు. అది ముందుకీ వాలలేదు, వెనక్కీ వాలలేదు. త్రాసులా తిన్నగా నిలబడింది.

"ఇదీ నన్ను చంపుతున్నది. రంధ్రాలేమో వణికి విరిగిందంటున్నాయి. బరువు చూస్తే వణకాల్సిన పనే లేదు."

"కోసిన బట్ట రెపరెపలాడి ఉంటుంది. కోడిగుడ్డు మీద ఈకలు పీకకండి" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

నేను కళ్లజోడు పెట్టుకుని పలక ముందు చతికిలబడ్డాను. విమానం పడింది నీళ్లు పెట్టిన దుక్కిలో. చిమ్మిన బురద బట్ట మీద ఎండి పొరలా అంటుకుంది. కోత ఆ పొర మధ్యలోంచి పోయింది. కోత పొడుగునా, తడిమట్టిని చీల్చిన కత్తి గీత అలాగే ఎండిపోయి ఉంది. కోసిన పెదవులు తెరిచి చూస్తే లోపల బురద చిమ్మిన జాడే లేదు.

"ఇటు రావోయ్. ముందే కోసి ఉంటే బురద ఈ నోట్లోకి పోదా?"

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"మట్టి పడ్డాక కోశాడు. అంటే విమానం కూలాక. కూలిపోయిన విమానాన్ని కోసి మనిషినెలా చంపుతారో నాకు నేర్పు, రిటైరైనా నేర్చుకుంటా."

అతను మొహం ఎర్రబడినా తడబడలేదు. "సాక్ష్యం చెరిపేశాడు."

"ఏ సాక్ష్యం?" అంటూ కోత లోపలికి వేలు పోనిచ్చాను. అంచు మడత లోపల, బట్ట బిగియడానికి పూసిన వార్నిషు గట్టిపడిన చోట, వేలికి గుంటలు తగిలాయి. టార్చి వేశాను. మిరియం గింజంత గుంటలు, ఒకదాని పక్కన ఒకటి, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉన్నాయి. నుజ్జయిన కుడి పలకలోనూ అవే.

ఇంజనీరు భూతద్దం తీసి చూసి నేలమీద కూలబడ్డాడు. "ఇక్కడేదో బరువు ఉండేది. అంచున గుప్పెడు బరువు పెడితే చాలు, ముందు బిగించిన సీసం దండగే. అది తీసేశాక లెక్క మళ్లీ సరిపోయింది. అందుకా నాకు అర్థం కానిది."

నా మీద నాకే ముచ్చటేసింది. అది ఎంతోసేపు లేదు.

"భేష్ మేడమ్" అన్నాడు ఇన్‌స్పెక్టర్ చప్పట్లు కొట్టి. "కత్తితో కాదన్నమాట. బరువు కుట్టి చంపాడు. కూలాక ఎవరూ రాకముందే లాగేసుకున్నాడు. ఇందాక నా దగ్గరున్నది మామూలు హత్య. మీరు దాన్ని పథకం ప్రకారం చేసిన హత్య చేసిపెట్టారు."

గోరుచుట్టు మీద రోకలిపోటు అంటారే, ఆ రోకలి నా చేతిలోదే. ఏ మనిషిని విడిపించడానికి వచ్చానో అతని మెడకి తాడు నేనే పేని ఇచ్చాను.

బయటికొస్తుంటే, పక్క గడిలో పళ్ల డాక్టరు తన సొంత విమానం అద్దం తుడుచుకుంటూ పలకరించాడు. ఆయనా ఇంట్లో తయారుచేసుకున్నవాడే. "రెండ్రోజులు భయంతో దీన్ని ముట్టుకోలేదండీ. మీ ఇన్‌స్పెక్టర్ పుణ్యమా అని ఆ దిగులు పోయింది. మిషను తప్పు కాదట, మనిషి తప్పట. మధ్యాహ్నం మా అమ్మాయిని ఎక్కించుకుని ఓ చుట్టు కొట్టొస్తా" అన్నాడు. నేను తల ఊపి వచ్చేశాను.

షాపు తియ్యొద్దన్న మాట ఆవిడకి చెప్పడానికి వెళితే షాపు తెరిచే ఉంది. ఇంట్లో కూర్చుంటే గోడలు మీద పడుతున్నాయట. ఫ్యాను తిరుగుతోంది. బల్ల మీద బట్టల ముక్కలన్నీ ఎగురుతున్నాయి కానీ, ఫ్యానుకి ఎదురుగా వేలాడే పల్చటి కర్టెను మాత్రం నిలువునా నిలబడి ఉంది.

"ఇదెందుకు ఎగరడం లేదు?" అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి.

"అంచు పట్టుకు చూడండి అక్కా."

పట్టుకున్నాను. మడత లోపల గింజలు వేలి కింద వరసగా దొర్లాయి. నా వేలికి ఆ వరస పొద్దున్నే పరిచయం.

"సీసపు పూసల తాడు. అంచులో కుడితే ఎంత గాలికైనా కర్టెను రెపరెపలాడదు. ఇది లావు రకం. సన్నది కూడా ఉండేది, మిగిలింది ఇదిగో." సొరుగులోంచి మూరెడు ముక్క తీసింది. పూసలు మిరియాలంత ఉన్నాయి.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "విమానం బట్ట పని కూడా నీదేనా?"

"మొత్తం నేనే. వాళ్లిద్దరికీ సూదిలో దారం ఎక్కించడం రాదు." పొద్దుటినుంచి మొదటిసారి ఆవిడ మొహంలో వెలుగు కనిపించింది. "వేగంగా పోతే తోక కాస్త వణుకుతోందని అన్నయ్య ఓ రోజు భోజనాల దగ్గర అన్నాడు. బందులు అరిగాయి, మార్చేదాకా వేగం వద్దంటాడు ఈయన. నీది పిరికితనం అంటాడు అన్నయ్య. ఆ గొడవే కాపలావాడు విన్నది. మధ్యలో తోక పలకల అంచు చిరిగితే కుట్టమని నాకిచ్చారు. వణికేదాన్ని ఎలా ఆపాలో కర్టెన్లు కుట్టేదానికి ఒకరు చెప్పాలా? ఈ సన్న తాడు అంచులో పెట్టి కుట్టేశా."

"వాళ్లకి చెప్పావా?"

"లేదు. ఎగిరొచ్చి, వణుకు పోయిందే చెల్లీ అంటాడుగా, అప్పుడు చెబుదామనుకున్నా." ముక్కని వేళ్లకి చుట్టుకుంటూ ఆగింది. "కుట్టు ఎంత నీటుగా వచ్చిందో అక్కా. పళ్ల డాక్టరుగారు అంచు నిమిరి నిమిరి మురిసిపోయారు. అన్నయ్య కూడా చూస్తాడనుకున్నా."

ఆ క్షణంలో నాకు అర్థమైనవన్నీ నా మొహం మీద కనబడకుండా ఉండటానికి నేను పడ్డ పాట్లు ఆ దేవుడికెరుక. కర్టెనుకి అంచున బరువుంటే వణుకు పోతుంది. విమానం తోకకి అంచున బరువుంటే వణుకు పుడుతుంది. ఆవిడ తనకి తెలిసిన విద్యంతా పెట్టి, ప్రేమగా, అన్నయ్య ప్రాణం తీసింది. అది తెలిసిన మనిషి స్టేషన్‌లో నోరు కుట్టేసుకుని కూర్చున్నాడు.

"ఈ ముక్క నేను తీసుకెళ్తా" అన్నాను. ఎందుకని ఆవిడ అడగలేదు. ఆయనకి మార్చుకోను చొక్కా తీసుకుని వెనకే వస్తానంది.

స్టేషన్‌లో ఆ మూరెడు ముక్కని వడ్రంగి ముందు టేబుల్ మీద పెట్టాను.

అతను దాన్ని ముట్టుకోలేదు. మోచేతుల్లో తల పెట్టుకుని, ఇంత మనిషి, భుజాలు ఎగరేస్తూ ఏడ్చాడు. నేను గోడ వైపు తిరిగాను. కాసేపయ్యాక తనే మొదలెట్టాడు.

"పొలంలో చూశానమ్మా. విరిగిన పలక అంచులోంచి పూసలు బయటికొచ్చి కనిపించాయి. చూడగానే తెలిసింది, ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో. రెండు పలకలూ కోసి లాగి కాలవలో పారేశా. బావ కళ్లు ఇంకా తెరిచే ఉన్నాయి."

"మరి తప్పంతా నీ మీద వేసుకుంటున్నావెందుకు?"

"నాదే కదమ్మా. పలక మీద చారెడు రంగు పడ్డా మళ్లీ తూకం చూసుకోవాలి, అది మా పని ధర్మం. కుట్టిందీ ఇంటి మనిషి, చిరిగిందీ జానెడు. బావ తొందర పెడుతున్నాడు. తగిలించేశా. ఒక్కసారి మేకుకి వేలాడదీసి ఉంటే వెనక్కి వాలిపోయేది, అక్కడే తెలిసేది." మొహం తుడుచుకున్నాడు. "నన్నేం చేసినా పర్లేదు. దానికి మాత్రం తెలియకూడదు. అమ్మానాన్నా పోయాక దాన్ని పెంచింది ఆయనే. తన చేత్తో చంపానని తెలిస్తే అది బతకదమ్మా. మీకు దణ్ణం పెడతా."

చట్టం పుస్తకాల్లో దీనికి జవాబు ఉంటుంది. నాకు ఆ పుస్తకాలు గుర్తుకు రాలేదు. కర్టెను ముందు వెలిగిన ఆ మొహమే గుర్తొచ్చింది. తాడు ముక్క తీసి సంచిలో వేసుకున్నాను. అతనికోసం అబద్ధం చెప్పడానికి లోలోపల సిద్ధపడిపోయాను, దాచడం దేనికి.

"షాపులో ఆ సన్న తాడు చుట్ట ఉంటుంది. అదీ తీసి పారెయ్యండి" అన్నాడు.

"చుట్టేం లేదుగా. మిగిలింది ఈ ముక్కే."

అతను కళ్లు తుడుచుకోవడం ఆపాడు. "లేకపోవడమేంటి? చుట్ట కొత్తదమ్మా. మా తోకకి పట్టింది అందులో సగమైనా ఉండదు."

"కర్టెన్లకి వాడి ఉంటుంది."

"వాడదు. బరువు చాలదని పక్కన పడేసింది."

మిగతా సగం ఎక్కడికి పోయింది? నా చెవుల్లో ఆవిడ మాట మళ్లీ మోగింది. పళ్ల డాక్టరుగారు అంచు నిమిరి నిమిరి మురిసిపోయారు. ఆ వెంటనే, అద్దం తుడుచుకుంటున్న డాక్టరు మాట. మా అమ్మాయిని ఎక్కించుకుని ఓ చుట్టు కొట్టొస్తా. గోడ గడియారం చూస్తే మధ్యాహ్నం దాటింది.

తలుపు దగ్గర అలికిడైంది. చేతిలో మడతపెట్టిన చొక్కాతో ఆవిడ, ఆవిడ వెనక ఇన్‌స్పెక్టర్.

వడ్రంగి నా వైపు చూశాడు. అడగొద్దని ఆ చూపు. నాకు వేరే దారి లేదు.

"పళ్ల డాక్టరు విమానానికి కూడా కుట్టావా తల్లీ? అంచులో తాడు పెట్టి?"

"అవునక్కా, పోయిన వారమే. ఆయనే అడిగారు, నాకూ అలాంటి అంచే వెయ్యమని. తాడు సంగతి ఆయనకీ చెప్పలేదు. ఏం?"

ఆవిడ నన్ను చూసింది. మొగుణ్ని చూసింది, అతని ఎర్రబడ్డ కళ్లని చూసింది. చొక్కా చేతిలోంచి జారలేదు, ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఏవండీ, మీరు తోక కోసింది ఆ తాడు కోసమా?"

అతను అవుననలేదు, కాదనలేదు. ఆవిడకి అది చాలింది.

ఇన్‌స్పెక్టర్‌ని ఎన్ని తిట్టుకున్నా, ఆ నిమిషంలో అతను చేసింది మర్చిపోను. ఒక్క ప్రశ్న అడగలేదు. ఫోను తీసి విమానాల షెడ్డుకి కొట్టాడు. "డాక్టరు విమానం ఆపండి. ఏంటి, లేచిపోయారా? ఎంతసేపైంది? వైర్‌లెస్‌లో దొరుకుతారా?" అతని మొహం పాలిపోయింది. మిషను తప్పు కాదని డాక్టరుకి భరోసా ఇచ్చిన నోరు అదే కదా. "మైకు దగ్గర ఫోను పెడతాడట. ఏం చెప్పాలి? ఎవరు చెబుతారు?"

నేను చెయ్యి చాచాను. నాకంటే ముందు ఆవిడ అందుకుంది.

"డాక్టరుగారూ, నేనండీ, మీ తోకకి అంచు కుట్టినదాన్ని." ఫోనుని రెండు చేతులతో పట్టుకుంది. "అందులో నేను సీసపు తాడు పెట్టాను. పెట్టకూడదట. వేగం పెంచకండి. మా అన్నయ్య పోయింది దానివల్లే. నేను పెట్టిన దానివల్లే."

వడ్రంగి కళ్లు మూసుకున్నాడు. మూడు రోజులుగా అతను చేతులడ్డం పెట్టి ఆపిన మాట అది.

ఫోనులో గరగర. తర్వాత షెడ్డు మనిషి గొంతు, ఆయాసంగా. "విన్నారండీ. ఇంజను తగ్గించారు. కానీ చేతిలో కర్ర అప్పుడే అదురుతోందంటున్నారు. ఏం చెయ్యాలని అడుగుతున్నారు. అమ్మాయి భయపడుతోందట."

ఆవిడ ఫోను మొగుడి వైపు చాచింది. అతను కదల్లేదు.

"చెప్పండి, మీకు తెలుసుగా" అంది. "అన్నయ్యకి చెప్పేవాళ్లు లేకపోయారు."

అతను ఫోను తీసుకున్నాడు.

"డాక్టరుగారూ, ముక్కు కిందికి దించకండి" అన్నాడు. పొద్దున నేను పెకలించలేకపోయిన ఆ గొంతు ఇప్పుడు నిబ్బరంగా ఉంది. "దించితే వేగం పెరుగుద్ది. కర్రని బిగించి పట్టుకోండి, రెండు చేతులతో. మెల్లగా మీ వైపుకి లాగండి. మెల్లగా. ఇప్పుడు చెప్పండి, అదురు తగ్గిందా?"

గరగర తప్ప ఏమీ వినిపించలేదు. మేం నలుగురం ఆ ఫోను మీదికి వంగి నిలబడ్డాం.